జీరంగి రెక్కల కోసం పెనుకొండ దాకా

పురుగుల కోసం బండెక్కి రాష్ట్రం ఆ చివరి దాకా పోయిన ఆడమనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటానని మా ఆయన ఇప్పటికీ అంటుంటారు. పోయింది పురుగుల కోసం కాదు, రెక్కల కోసమని ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కదు. నిజం చెప్పాలంటే అవి ఎగిరే రెక్కలు కూడా కావు. ఎగిరే రెక్కల మీద మూతలా ఉండే గట్టి పెంకులు. కానీ ఆ వైపు అందరూ వాటిని రెక్కలనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

బయల్దేరక ముందు

రాజమండ్రిలో మా ఇంటి వసారాలోనే నా పని. చెక్క చట్రానికి రవిక గుడ్డ బిగించి జరీ, పూసలు, చమ్కీలు కుడతాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఈ మగ్గం పని మోజు బాగా పెరిగింది. పెళ్ళిళ్ళ రోజుల్లో అన్నం తినడానికి తీరికుండదు. ఆషాఢం వచ్చిందంటే ఈగలు తోలుకోవడమే.

అలాంటి ఒక ఆషాఢంలో ఒకావిడ పాత రవిక పట్టుకొచ్చింది. వాళ్ళ నాయనమ్మ పెళ్ళినాటిదట. పట్టు చీకిపోయింది, జరీ నల్లబడింది, ముట్టుకుంటే దారం పొడిపొడిగా రాలుతోంది. చేతుల అంచున మాత్రం వేలిగోరంత ఆకుపచ్చ బిళ్ళలు వరసగా నిగనిగలాడుతున్నాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే పచ్చ, కాస్త వంచితే నీలం, ఇంకా వంచితే రాగి రంగు. ఇన్నేళ్ళు రంగులతోనే బతుకుతున్న నేను అలాంటి రంగు చూడలేదు. అద్దకం అయితే అన్నేళ్ళకు వెలిసిపోదా? గుడ్డ ముసలిదైపోయింది కానీ ఆ రంగు నిన్న పుట్టినట్టు ఉంది.

"ఇవి జీరంగి రెక్కలండి," అందావిడ. "మా నాయనమ్మది అనంతపురం వైపు. శ్రావణంలో మా అమ్మాయి పెళ్ళి. ఈ రెక్కల్ని కొత్త రవిక మీదికి మార్చివ్వాలి. రాలిపోయిన చోట మళ్ళీ ఇలాంటివే పెట్టాలి."

సరేనన్నాను. నా నోటికి ముందూ వెనకా చూసే అలవాటు లేదు. ఊళ్ళో అన్ని కొట్లూ తిరిగితే దొరికినవి ప్లాస్టిక్ బిళ్ళలు. వాటిని అసలు రెక్కల పక్కన పెడితే తలనొప్పి మాత్రల అట్ట గుర్తొచ్చింది. ఆ రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ పచ్చదనమే. తెల్లారి లేచి బెంగుళూరు వెళ్ళే బండికి టికెట్టు కొనుక్కున్నాను.

హిందూపురం

బండి దిగేసరికి చిరుచలి. ఆషాఢమాసంలో చలేమిటని ఆశ్చర్యపోయాను. మాకైతే ఆ రోజుల్లో ఉక్కపోతకు ప్రాణం పోతుంటుంది. ఇక్కడ గాలి తేలిగ్గా, పొడిగా, ఎక్కడో కురిసిన వాన వాసనతో ఉంది. ఆ గాలిలో నడుస్తుంటే కాళ్ళు నేలకు ఆనుతున్నట్టే లేదు.

టిఫిను బండి దగ్గర ఉగ్గాని తిన్నాను. మా మరమరాలనే వీళ్ళు బొరుగులంటారు. వాటిని నీళ్ళలో తడిపి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండి తీరాలి. మా వైపు మరమరాలు నానితే పారేస్తాం, ఇక్కడ నానబెట్టుకుని మరీ తింటున్నారు. మొదటి ముద్దకు మొహం చిట్లించాను, ప్లేటు ఖాళీ చేసి ఇంకోటి అడిగాను. బండామె నవ్వి, "నిన్న ఒకాయప్ప గూడా ఇట్లనే చేసె," అంది. ధర మా ఊళ్ళో ఒక పెసరట్టులో సగం కూడా లేదు.

పట్టుగూళ్ళ మార్కెట్టు పక్కగా నడిచాను. గంపల నిండా తెల్లవీ పసుపువీ గూళ్ళు. కొనేవాళ్ళు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తున్నారు, లోపల పురుగు గలగలమంటే మంచి గూడట. తెలుగులో మొదలైన బేరం కన్నడంలోకి పోయి మళ్ళీ తెలుగులోకి వస్తోంది. ఊరు ఊరంతా పురుగు కట్టుకున్న ఇల్లు అమ్మి తన ఇల్లు నడుపుకుంటుంటే, నేను పురుగు రెక్కలు అడగడంలో వింతేముందని ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఖాదర్‌వలిగారి గాజుల అంగడి దాకానే నిలిచింది. నా మాట విని ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టారు.

"గాజులడుగుతారు, పిన్నులడుగుతారు. జీరంగి రెక్కలు అడిగినోళ్ళను ఈ దినమే చూస్తాండా. యా ఊరమ్మా మీది?"

"రాజమండ్రండి."

"ఆడనుంచి ఈడికి పురుగు కోసం వస్తివా!" అని నాకూ ఒక టీ చెప్పారు. ఆ మాటలో వెక్కిరింత లేదు, సంబరం ఉంది. "చిన్నప్పుడు మేం అగ్గిపెట్టెలో సాకుతాంటిమి. వాన పడితే తుమ్మచెట్లకు ఆకులకంటే ఇవే ఎక్కువ. ఇప్పుడు చెట్లే తగ్గిపాయ. రెక్కలు కావాల్నంటే మాత్రం పెనుకొండకు పో. నంజమ్మని ఉండాది. ఈ రెక్కల్తోనే పెండ్లి బాసికాలు చేస్తాది. తళుకులూ కాకిబంగారమూ నా అంగట్లోనే కొంటాది."

పెళ్ళిలో వధూవరుల నుదుట కట్టే బాసికాలను మా వైపు ముత్యాలతోనో పూలతోనో కడతారు. ఇక్కడ జీరంగి రెక్కలతో చేస్తారన్న మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున సెలవు తీసుకుందామని వెళ్తే ఆయన నా చేతిలో అగ్గిపెట్టె పెట్టారు. లోపల ఏదో బరబరా గీకుతోంది. వాళ్ళ పెరటి తుమ్మచెట్టు మీద దొరికిందట. ఎంతివ్వమంటారని అడిగినందుకు చివాట్లు పడ్డాయి. "పురుక్కు దుడ్లు తీసుకుంటారామ్మా యాడన్నా?"

లేపాక్షి

పెనుకొండ బస్సు ఆలస్యమని తెలిసి లేపాక్షి ఆటో ఎక్కాను. దారంతా ఎర్రమట్టి, బండరాళ్ళు, వీళ్ళు చెనక్కాయలనే వేరుశనగ చేలు. మా గోదావరి పచ్చదనం కళ్ళకు అడ్డంపడుతుంది, ఇక్కడ చూపు ఎంత దూరం పోతానంటే అంత దూరం పోతుంది. అగ్గిపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

గుళ్ళో అందరూ గాలిలో తేలే స్తంభం కింద కండువాలు దూరుస్తున్నారు. నేను మెడ విరిగేలా పైకప్పు బొమ్మలే చూశాను. ఆ ఆడవాళ్ళ చీరల మీద ఎన్ని గళ్ళు, ఎన్ని పువ్వులు, ఎన్ని అంచులు! వరసకు ఒక రవిక పని చొప్పున మనసులో కుట్టుకుంటూ పోయాను. ఆ చిత్రకారుడు వాడిన ఆకుపచ్చలో జీరంగి పచ్చ ఉందేమోనని వెతికాను. లేదు. గోడ మీది రంగు నిలకడగా ఉంటుంది, మనిషి కదిలినా అది కదలదు.

బయటికొచ్చి ఒక తుమ్మచెట్టు నీడలో అగ్గిపెట్టె తెరిచాను. జీరంగి నా వేలిమీదికి పాకింది. దాని కాళ్ళు గరుకు, ఒళ్ళు చల్లన. ఉన్నట్టుండి వీపు మీది రెండు పచ్చ పెంకులూ విచ్చుకున్నాయి. వాటి కింద మడత పెట్టిన పొరలాంటి రెక్కలు, ఉల్లిపొట్టుకన్నా పలచన. ఎగిరేది అవి. పైనున్న పచ్చవి వాటిని కాయడానికి.

ఒప్పుకుంటాను, దీనికి రెండు రెక్కలున్నాయి కదా అన్న లెక్క ఆటోలో ఒకసారి మనసులోకి వచ్చింది. వేలిమీద పాకుతున్నప్పుడు ఆ లెక్క ఎటో పోయింది. బుర్రుమంటూ ఎగిరి కొమ్మల్లో కలిసిపోయింది. అగ్గిపెట్టెలో బియ్యపు గింజల్లాంటి గుడ్లు మిగిలాయి. వాటిని చెట్టు మొదట్లో మట్టి తవ్వి కప్పెట్టాను. నన్ను చూసి ఆటో అబ్బాయి, "ఏం నాటుతాండావక్కా?" అని అడిగాడు. నవ్వి, చేతి మట్టి దులుపుకుని ఆటో ఎక్కాను.

పెనుకొండ

కొండ ముందు కనిపించింది, ఊరు తర్వాత కనిపించింది. కోటగోడ పాకుతూ పైకి పోయి మబ్బులోకి దూరింది. బస్టాండులో నంజమ్మ అనగానే దారి చెప్పనివాళ్ళు లేరు. ఇద్దరు చెప్పిన దారి ఒకరిది ఒకరికి పొసగక దర్గా సందులో కాసేపు తిరిగాను. చివరికి ఒక గడప ముందు ఎండలో ఆరబెట్టిన పసుపు గుడ్డలు చూసి ఇదే అనుకున్నాను.

నంజమ్మకు అరవై ఉంటాయి. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. నడుం వంగలేదు, కళ్ళజోడు లేదు. నేను వచ్చిన పని చెబితే నన్ను కిందా పైనా చూసి, "ముందు కుచ్చో. సంగటి తిను. రెక్కలు యాడికీ ఎగిరిపోవులే," అంది.

రాగి సంగటి నాకు కొత్త. ముద్దను నమలబోతే పకపకా నవ్వి, మింగమంది. పక్కన ఊరుబిండి అనే చెనక్కాయల పచ్చడి, ఆకుకూర పప్పు. మా ఇళ్ళలో అతిథికి అన్నం కొసరి కొసరి వడ్డిస్తాం, ఇక్కడ ముద్ద ఒకేసారి పడుతుంది. అది తిన్నాక సాయంత్రం దాకా ఆకలన్న మాటే లేదు.

ఉడికే సంగటి కుండ మూత మీద తడిగుడ్డ మూట ఒకటి ఉంది. అందులో రెక్కలు. పెంకు గట్టిది కదా, నేరుగా సూది గుచ్చితే పగులుతుంది. ఆవిరికి మెత్తబడ్డాక కాల్చిన సూదితో బెజ్జం వేస్తుంది. జీలుగు బెండును ముక్కలు కోసి, పసుపు గుడ్డ చుట్టి, కాకిబంగారం అతికి, వాటి మీద రెక్కల్ని ఒకదాని పక్కన ఒకటి కుడుతుంది. ఆ చేతులు కదులుతుంటే చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గదిలో వెలుగు తగ్గుతోంది, రెక్కలు మాత్రం ఎక్కడి వెలుగునో పట్టుకుని తిప్పి ఇస్తున్నాయి.

"ఇన్ని రెక్కలు ఎలా పడతారండి?" అన్నాను.

"పట్టకూడదు," అంది నంజమ్మ. "బతికినదాన్ని ముట్టుకోకూడదు. గుడ్లు పెట్టి, దాని కాలమైపోయి, అంతకదే చెట్టు కిందికి రాలాల. అప్పుడు ఏరుకోవాల. పెండ్లికి కట్టేది కదమా, ఉసురు తగలకూడదు. ఇంకోటి, జత చెడగొట్టకూడదు."

జత అంటే ఏమిటో చూపించింది. ఒక జీరంగి రెండు రెక్కల్నీ దారంతో కలిపి ఉంచుతుంది. ఎడమది పెళ్ళికూతురి బాసికం మధ్యలోకి, కుడిది పెళ్ళికొడుకు బాసికం మధ్యలోకి. ఇంకో పురుగు రెక్క తెచ్చి పెడితే రంగు కలవదట. రెండూ గుమ్మం దగ్గర మిగిలిన వెలుగులో పెట్టి చూశాను. నిజమే, ఒకే పచ్చ, ఒకే చోట నీలంలోకి తిరుగుతోంది.

"ఈ నడిమి రెక్కలు మాత్రం ఇంట్లో కుట్టను. పెండ్లోళ్ళు ఆకూవక్క తెచ్చి పిలుస్తారు. పోయి, పెండ్లింట్లో కుచ్చోని, అందరి ముందర కుడతా. పిలవకుండా ఈ నంజమ్మ యా పెండ్లికీ పోలేదు."

ఆ మాట గర్వంగా చెప్పింది. అప్పుడు నా కళ్ళు ఆమె ఒళ్ళోని బాసికాల మీద పడ్డాయి. జత తయారైపోయింది, మధ్యలో మాత్రం రెండింటికీ ఖాళీ. పనిమీద కాస్త తెలివి ఉన్నదాన్ని కదా, అడిగేశాను. "ఆషాఢంలో పెళ్ళెవరిదండి?"

నంజమ్మ సూది ఆగింది.

"నా కూతురిది. భాగ్యది. ఎల్లుండి," అంది.

భాగ్య ధర్మవరంలో చీరల అంగట్లో పని చేస్తుంది. మగ్గం నేసే శాంతరాజును ఇష్టపడింది. అతను క్రైస్తవుడు. పెళ్ళి చర్చిలో. "వాళ్ళకు ఆషాఢం లేదంట. బాసికం గూడా కట్టరంట," అంది నంజమ్మ. "పిల్లోడు మంచోడే. నేనేం కాదనలేదు."

"మరి మీరు వెళ్తున్నారు కదా?"

"పిలిస్తే కదా."

"సొంత కూతురి పెళ్ళికి పిలుపేంటండీ?"

"చెప్పిపోయింది. ఫలానా దినం పెండ్లిమా అని గడపలో నిలబడి చెప్పి, బస్సుకు టయమైతాదని పోయింది. చెప్పేది, పిలిచేది ఒకటేనా? ఊరందరి పిల్లోళ్ళకూ ఈ చేతుల్తో కట్టినా. అందరూ నన్ను పిలిచినారు, గంధం పూసి కుచ్చోపెట్టినారు. నా కడుపున పుట్టింది మాత్రం, బాసికం కట్టేది లేదు కదా, మా యమ్మతో ఏం పని అనుకునిందేమో." సూదిలోకి మళ్ళీ దారం ఎక్కించింది. "దాని నాయన పోయినాక ఈ రెక్కల్తోనే దాన్ని సాకినాను. దాని నొసలు ఖాళీగా ఉంటుందంటే నాకు నిద్ర పట్టలే. అందుకే చేసినా. కట్టుకుంటుందో లేదో దాని ఇష్టం."

ఓదార్చడం నాకు చేతకాదు. పక్కన కూర్చుని ఆవిరి పట్టిన రెక్కల్ని తుడుస్తూ ఉండిపోయాను. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. పొద్దున నా రవికకు కావలసిన రెక్కలు పొట్లం కట్టిచ్చింది. తర్వాత ఒక రేకు డబ్బా తెచ్చి, అందులో బాసికాలు పెట్టి, మూత నొక్కింది.

"ధర్మవరం మీదనే కదా పోతాండావు. ఇది దానికిచ్చి పో. కట్టుకోమని చెప్పాకు. నన్ను పిలవమని అసలే చెప్పాకు."

నడిమి రెక్కల జత మాత్రం డబ్బాలో పెట్టలేదు. పసుపు గుడ్డలో చుట్టి తన రొంటినే దోపుకుంది.

ధర్మవరం

ఆ ఊళ్ళోకి చెవులతో అడుగుపెట్టాలి. ఏ సందులోకి తిరిగినా మగ్గాల చప్పుడు. శ్రావణం చీరల కోసం ఇంటింటా పని ముమ్మరంగా ఉంది. రంగు నీళ్ళు పారి కాలవ ఒకచోట గులాబీ, ఒకచోట నీలం. అరుగుల మీద పట్టు పోగులు సాగదీసి ఆరేస్తున్నారు. మా ఊళ్ళో అద్దాల బీరువాలో చూసి నిట్టూర్చే చీర ఇక్కడ అప్పుడే పుట్టి, మడత కూడా లేకుండా మగ్గం మీద పడుకుని ఉంది. ఒక చీర ధర అడిగి, నా చేతిసంచి వైపు చూసుకుని, నవ్వి ముందుకు నడిచాను.

శాంతరాజు వాళ్ళింటి ముందు చిన్న పందిరి. భాగ్య పసుపు పూసిన చేతులతో కూర్చుని ఉంది. చుట్టాల సందడి లేదు, పక్కింటి ఆడవాళ్ళే నలుగురు. నేనెవరో, ఎక్కడినుంచి వస్తున్నానో చెప్పి డబ్బా ఇచ్చాను.

మూత తీసి లోపలికి తొంగి చూసింది.

"ఇది నాకు చేసిందా?" అంది. "కట్టుకోమనిందా?"

"ఏమీ చెప్పొద్దన్నారమ్మా."

"అంతే. ఆయమ్మ ఏమీ చెప్పదు. చెప్పకనే మనం తెలుసుకోవాల." కోపంగా మొదలుపెట్టి కన్నీళ్ళలోకి జారింది. "చెప్పడానికి పోయిన దినం మొగం ఆ పక్కకు తిప్పుకోని కుచ్చునింది. నేనింకేం మాట్లాడేది? అయినా తల్లిని పిలుస్తారా అక్కా యాడన్నా? పెండ్లంటే తల్లి గదా అందర్నీ పిలిచేది! నేనైతే ఈ పొద్దు వస్తాది, ఈ పొద్దు వస్తాదని బస్సు బస్సుకూ వీధిలోకి చూస్తాండా."

నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. ఒకామె పిలుపు కోసం, ఒకామె రాక కోసం, నలభై కిలోమీటర్ల దూరంలో ఎదురెదురుగా కూర్చుని ఎదురుచూస్తున్నారు. నోరు విప్పొద్దని మాటిచ్చి వచ్చాను కదా, పెదవి కొరుక్కుని నిలబడ్డాను. నా స్వభావానికి అది చాలా కష్టం.

భాగ్య బాసికాలు బయటికి తీసింది. పుట్టినప్పటి నుంచీ ఆ పని మధ్య పెరిగిన పిల్ల. మధ్య ఖాళీ మీద వేలు పెట్టి, డబ్బా బోర్లించి చూసింది, అడుగున వేసిన కాగితం ఎత్తి చూసింది.

"నడిమి రెక్కలు యాడ?"

"మీ అమ్మ దగ్గరే ఉన్నాయి. రొంటిన దోపుకున్నారు," అన్నాను. ఇది చెప్పొద్దని ఆవిడ అనలేదు.

భాగ్య నా మొహంలోకి చూసింది. పిలిస్తే తప్ప ఆ రెక్కలు రావని ఆమెకు తెలుసు. లోపల మగ్గం ఆగింది. శాంతరాజు గుమ్మంలోకి వచ్చాడు. పెళ్ళి ముందురోజు కూడా చీర పూర్తి చేసే పనిలో ఉన్న మనిషి. సన్నగా, మెల్లగా మాట్లాడతాడు.

"చర్చిలో ఇవి వద్దంటారు పెద్దోళ్ళు," అన్నాడు. "ఇంటికొచ్చినాంక కట్టుకుందాంలే. నా నొసలు నాదే గదా."

"మా యమ్మను పిలిచేకి పోతాండా," అంది భాగ్య లేచి.

"నేను గూడా రావాల్నా?"

"నువ్వు వస్తే అల్లుడికి మర్యాదలు చేసేకే సరిపోతాది. నేను పోయి పిలుస్తా."

పసుపు పూసినాక గడప దాటేదేందని ఒక పెద్దామె గొణిగింది. భాగ్య అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. ఆ సాయంత్రం బండికి నా టికెట్టు ఉంది. ఆ పిల్లను ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు. ఇంత దూరం తెచ్చిన కబురు ఏమైందో చూడకుండా బండెక్కితే నాకు దారంతా కునుకు పట్టదు కూడా. టికెట్టు సంగతి తర్వాత చూసుకోవచ్చుననుకున్నాను.

అంగడి వీధిలో తమలపాకులు ఒక్కొక్కటీ తిప్పి చూసి ఏరింది. వక్కలు, ఒక కొబ్బరికాయ, పసుపు కొమ్ములు, చిన్న ఇత్తడి పళ్ళెం. బస్సులో జనం ఆమె పసుపు చేతుల్ని వింతగా చూశారు. ఎవరో లేచి చోటిచ్చారు. కిటికీ బయట బండరాళ్ళ మీద ఎండ మెత్తబడి, కొండల నీడలు చేల మీదికి సాగుతూ వస్తుంటే, ఈ బస్సు ఎప్పటికీ ఇలాగే పోతూ ఉంటే బాగుండుననిపించింది. పెనుకొండలో ఏం జరుగుతుందో అని లోపల నాకూ భయంగానే ఉంది.

మళ్ళీ పెనుకొండ

నంజమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. భాగ్య లోపలికి వెళ్ళలేదు, అమ్మా అని కూడా అనలేదు. సందులోనే చెప్పులు విడిచి, పైట సర్దుకుని, పళ్ళెం రెండు చేతులా పట్టుకుని గడప బయట నిలబడింది. బాసికాలకు పిలవడానికి వచ్చిన ఏ ఇంటివాళ్ళయినా అలాగే నిలబడాలట. నంజమ్మ అడగవలసినవి అడిగితే వాళ్ళు జవాబు చెప్పాలట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇదేమిటో అర్థం కాక చూస్తున్నాను.

నంజమ్మ కూతురి మొహం చూడలేదు. పళ్ళెంలోని ఆకుల్ని చూస్తూ అడిగింది.

"ఎవురింట్లో పెండ్లి?"

"ధర్మవరంలో. మగ్గం శాంతరాజు వాళ్ళింట్లో."

"పెండ్లెప్పుడు?"

"రేపు."

"పెండ్లికూతురి పేరు?"

"భాగ్య."

నంజమ్మ రొంటిన దోపుకున్న పసుపు గుడ్డ మీద చెయ్యి వేసింది.

"తల్లి పేరు?"

భాగ్య పళ్ళేన్ని ఇంకాస్త ముందుకు చాచింది. పళ్ళెంలో కొబ్బరికాయ కదిలింది. "నంజమ్మ," అంది. "పెనుకొండ నంజమ్మ. ఆయమ్మ రాకపోతే ఆ పెండ్లికి పిలిచేవాళ్ళే లేరు."

నంజమ్మ లేచింది. పళ్ళెం అందుకుంది. రెండో చేత్తో కూతురి మొహం పట్టుకుని, ఏడుస్తూనే, "పసుపు మొగంతో బస్సులో వస్తివా, బుద్ధి లేదా నీకు!" అని కసిరింది. భాగ్య తల్లి భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాకు ఆ ఇంటితో ఒక్క రోజు పరిచయం, అయినా ఆపుకోలేకపోయాను.

కొంగుతో కళ్ళు తుడుచుకుని నంజమ్మ నా వైపు తిరిగింది. పళ్ళెంలోంచి రెండు ఆకులు, ఒక వక్క తీసి నా చేతిలో పెట్టింది. ఆమె గొంతు వేరేగా ఉంది, పెళ్ళింటివాళ్ళ గొంతు.

"రేపు మా పాప పెండ్లి. నువ్వు ఉండి, అక్షింతలు వేసి పోవాల."

వస్తానన్నాను. ఆమె పళ్ళెం పట్టుకుని అప్పటికే సందులోకి దిగింది. ఆషాఢమనీ, చర్చి అనీ, పొద్దుగూకుతోందనీ ఏదీ పట్టించుకోకుండా పక్కింటి తలుపు తట్టి పిలుస్తోంది. "ఏమ్మా, ఉండారా ఇంట్లో? పెండ్లికి పిలిచేకి వచ్చినా!"